ఆదివారం కత్తి

ఎవరైనా పాత కత్తి తెచ్చి మీ బల్ల మీద పెడితే, తెచ్చిన మనిషి ముఖం చూడకండి, ముందు కత్తిని చూడండి. పని నేర్చుకోను వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. చెప్పడం తేలిక. ఒకసారి మా పనిశాలలో అందరం కత్తిని వదిలేసి ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఆ సంగతే రాస్తున్నాను.

నేను పుదుచ్చేరిలోనే పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ చదవను రాయను వచ్చినవాళ్ళు తక్కువ. మా నాయన పట్టుబట్టి నాచేత అక్షరాలు దిద్దించాడు కాబట్టి ఇదైనా రాయగలుగుతున్నాను. చాలాకాలం ఒక బట్టల మిల్లులో, పనిముట్లకు సాన పట్టే గదిలో పనిచేశాను. మిల్లు మూతపడ్డాక కోసపాళయంలో పాత సామాను బాగుచేసే పనిశాలలో చేరాను. పాత ఇళ్ళలోంచి గడియారాలు, దీపాలు, తాళాలు, కుర్చీలు అక్కడికి వచ్చేవి. ఇనుము, ఉక్కు నా వంతు. కొయ్య, కొమ్ము, ఇత్తడి పని ఒకామె చూసేది. ఆమెదీ మావంటి తెలుగు కుటుంబమే. నన్ను అన్నా అని పిలిచేది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకునేవాళ్ళం. యజమాని యానాం నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. మర్యాదస్తుడు. ‘అండి’ లేకుండా మాట్లాడడు. అంత మర్యాదగానే ఎవరినైనా అనుమానించేవాడు.

ఒక సాయంత్రం ఒకావిడ చేతిసంచిలోంచి పొడవాటి చెక్కపెట్టె తీసి నా ముందు పెట్టింది. కదిర్కామంలో ఆసుపత్రి నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు అలిసిపోయి ఉన్నాయి, కానీ చూపు మాత్రం నా చేతుల మీదే ఉంది. పెట్టెలో గడ్డం గీసే మడత కత్తులు వరసగా ఏడు. మనవైపు సవరకత్తి అంటాం. ప్రతి కత్తి వీపు మీదా ఒక వారం పేరు ఫ్రెంచిలో చెక్కి ఉంది. సోమవారంతో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. రోజుకొక కత్తి వాడి, మిగిలిన రోజులు దానికి విశ్రాంతి ఇచ్చేవాళ్ళు ఆ కాలపు దొరలు.

“ఇవి మా తాతవి. బాగవుతాయా కావా చెప్పు. కావంటే ఇట్లే తీసుకొని పోతా,” అంది. ఆమె తాత, అంటే తల్లికి తండ్రి, ఒక ఫ్రెంచి అధికారికి రోజూ గడ్డం గీసేవాడట. ఆ అధికారి దేశం వదిలి పోయేటప్పుడు ఈ పెట్టె తాతకు ఇచ్చి పోయాడట.

పాత సవరకత్తిని బాగుచేయడం దండగా కాదా అని తేల్చడానికి పెద్ద విద్య అక్కర్లేదు, ఓపిక కావాలి. తెరిచి గోటితో మీటితే అలుగు, అంటే కత్తి ఉక్కురేకు, సన్నగా మోగాలి. చచ్చు శబ్దం వస్తే ఎక్కడో వెంట్రుకంత పగులు ఉన్నట్టు. పగులు ఉంటే ఆ కత్తికి దండం పెట్టి వదిలేయాలి. తర్వాత అద్దం మీద పెట్టి వంకర ఉందేమో చూడాలి. వీపు అరిగిపోయి ఉంటే అంతకుముందే ఎవరో మోటుగా సాన పట్టారని అర్థం. చివరికి తుప్పు. మధ్యలో ఎంత ఉన్నా భయం లేదు. వాదర దాకా, అంటే కోసే అంచు దాకా, గుంటలు పడితే మాత్రం పదును నిలవదు.

ఏడింటినీ మీటాను. ఏడూ మోగాయి. ఆదివారం కత్తికి తుప్పు అన్నిటికంటే ఎక్కువ, దాని పక్కన శనివారానికి కొంచెం తక్కువ. సోమవారం దాదాపు శుభ్రంగా ఉంది. ఆరు కత్తుల పిడులు నల్లకొమ్ము. ఆదివారం పిడి మాత్రం గోధుమరంగు మీద పసుపు మచ్చలతో తాబేటిచిప్పలా ఉంది. దాని మీద వంకీల ఫ్రెంచి అక్షరాల్లో ఒక పేరు చెక్కి ఉంది. అది తన తాత పేరని ఆవిడ చెప్పింది. పెట్టె తెరవగానే కర్పూరం వాసన వచ్చింది. పురుగు పట్టకుండా ఇంట్లోవాళ్ళు వేసి ఉంటారనుకున్నాను.

బాగవుతాయని చెప్పాను. ఆవిడ వెంటనే సంతోషించలేదు. ఫోను తీసి ఒక్కొక్క కత్తినీ అటూ ఇటూ తిప్పి ఫోటోలు తీసుకుంది. ఆదివారం పిడిని మరీ దగ్గరగా తీసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. “ఒకచోట గడియారం బాగుచేయను ఇచ్చినాము. తిరిగొచ్చినప్పుడు పైన పెట్టె మాదే, లోపల యంత్రం వేరేది. అందుకని తీసినా. తప్పుగా అనుకోవద్దు.”

నేను తప్పుగా అనుకోలేదు. మా ఊళ్ళో పాత సామాను వ్యాపారం గురించి నాకూ తెలుసు. కాలాపేటలో యూనివర్సిటీ పిల్లలు వచ్చే సెలూను ఆమె తమ్ముడిదట. ఆ కత్తుల్ని అద్దాల పెట్టెలో పెట్టి అక్కడ గోడకు తగిలించాలని అక్కాతమ్ముళ్ళ కోరిక. కోరిక వెనక పంతం ఉంది. తాత ఆ పెట్టెను దొర ఇంట్లోంచి ఎత్తుకొచ్చాడని వాళ్ళ పెదనాయన కొడుకులు పెళ్ళిళ్ళలో, చావుల్లో నలుగురి ముందూ నవ్వుతూ అంటుంటారట. ఎత్తుకొచ్చిన కత్తి మీద అంత చక్కగా పేరు చెక్కి ఉంటుందా అన్నది వీళ్ళ వాదన.

పిడుల రివిట్లు తీస్తే పాత పిడులు చిట్లుతాయని కత్తుల్ని పిడులతోనే బాగుచేశాను. తుప్పు గీకి, మెల్లగా రుద్ది, మెరుపు తెచ్చి, నూనె పూసి పెట్టెలో వరసగా సర్ది అల్మరాలో పెట్టాను. వాదర పట్టడం ఒక్కటే మిగిలింది. వారం తిరక్కముందే పెట్టె తెరిస్తే ఆదివారం కత్తి మీద ఎర్రటి చుక్కలు. పసుపూ కుంకుమా కలిపి చిలకరించినట్టు. శనివారం మీద కూడా అక్కడక్కడా.

నూనె సరిగ్గా పూయలేదేమో అన్నాడు యజమాని. మళ్ళీ రుద్ది, మళ్ళీ పూశాను. మళ్ళీ చుక్కలు వచ్చాయి. సముద్రపు గాలి అనుకుందామంటే అదే అల్మరాలో పక్కన ఉన్న కత్తెరలూ చాకులూ అద్దంలా ఉన్నాయి.

అప్పుడు యజమాని తన ఫోనులో ఏదో చదివి వచ్చాడు. కొందరి చెమటలో ఉప్పు, పులుపు ఎక్కువట. అలాంటివాళ్ళు ముట్టుకున్న ఉక్కు తుప్పు పడుతుందట. ఆ మాట అబద్ధం కాదు, మిల్లులో అలాంటి చేతులవాళ్ళను నేనూ చూశాను. “మీ చేతులు ఒకసారి చూపించండి,” అన్నాడు. చూపించాను. ఆయన ముట్టుకోకుండా వంగి, ఇటు తిప్పమని, అటు తిప్పమని చూశాడు. చేతులు చూస్తే ఏం తెలుస్తుంది? “ఏం అనుకోకండి, తొడుగులు వేసుకుని చేయండి,” అన్నాడు.

తొడుగులు వేసుకుని చేశాను. మళ్ళీ తుప్పు వచ్చింది. ఇక ఆయనకు నేను తొడుగులు తీసేసి చేస్తున్నానేమోనని అనుమానం. నా బల్లకు ఎదురుగా గోడమీద ఒక కెమెరా వచ్చింది. దొంగతనాల కోసమే అన్నాడు. దానికి కనిపించేది నా బల్ల ఒక్కటే.

జీవితమంతా ఉక్కుతో బతికినవాడికి తన చేతుల మీద అనుమానం వస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. ఇంట్లో అన్నం కలుపుతూ చేతులవైపు చూసుకునేవాణ్ణి. వయసుతో చెమట మారుతుందా అని మా ఆవిణ్ణి అడిగాను. “నీకు ఏంది ఈ మధ్య?” అని ఆమె అడిగింది. చేతులు కడుక్కోను లేచాను.

నేను మాత్రం ఊరుకున్నానా? యజమాని మీద నాకు అనుమానం. నన్ను మాన్పించను ఆయనే ఏదైనా చేస్తున్నాడేమో, లేదా కత్తులు చెడిపోయాయని చెప్పి ఆవిడ దగ్గర వాటిని కొట్టేసే ఎత్తేమో అని ఆలోచించాను. అది పొసగక పక్క బల్లవైపు చూశాను. ఇత్తడి తోమను ఆమె చింతపండు నానబెట్టేది. ఆ పులుపు ఆవిరి కత్తులకు తగులుతోందేమో, ఆ చేతులతోనే పెట్టె తెరుస్తోందేమో. నేరుగా అడగక, ఆ గిన్నె దూరంగా పెట్టుకోకూడదా అన్నాను.

ఆమె తెలివైనది. “నా పనివల్ల నీ కత్తులు చెడిపోతా ఉండాయని చెప్పు అన్నా, చుట్టూ తిప్పి చెప్పడం ఎందుకు,” అంది. గిన్నె తీసుకుని పెరట్లోకి పోయింది. ఆ రోజు నుంచి క్యారియరు కూడా పెరట్లోనే విప్పుకునేది. గిన్నె పెరట్లోకి పోయినా కత్తుల తుప్పు ఆగలేదు. ఆమె మాత్రం లోపలికి రాలేదు.

ఇక నా పేరు నేనే కాపాడుకోవాలనుకున్నాను. ఒక పాత రంపపు బ్లేడును మూడు ముక్కలు చేసి మూడింటినీ ఒకేలా మెరుగు పెట్టాను. ఒకదాన్ని తొడుగులు తీసి, చెమట పట్టిన అరచేతుల మధ్య బాగా రుద్ది, అల్మరా అరలో పెట్టాను. రెండోదాన్ని యజమాని చేతికిచ్చి, ఆయన ముట్టుకున్నాక అదే అరలో పెట్టాను. మూడోదానికి నూనె పూసి, పట్టకారతో పట్టుకుని, కత్తుల పెట్టెలో ఆదివారం పక్కన ఉంచాను. యజమానికి ఇది నచ్చింది. కెమెరా ఎలాగూ చూస్తోంది కదా అన్నాడు.

ఆ ముక్కలు తీసి చూసిన రోజే మా కథలో అసలు రోజు. నేను చెమటతో రుద్దిన ముక్క మీద వేలిముద్ర మసగ్గా ఉంది, తుప్పు లేదు. యజమానిది కూడా అంతే. నూనె పూసి పెట్టెలో ఉంచిన ముక్క ఎర్రబడిపోయింది. యజమాని దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన అనుమానం పెట్టె మీదికి పోయింది. ఆ చెక్కలో ఏదో ఉందన్నాడు.

చెక్క సంగతి పెరట్లో ఉన్న ఆమెకు తెలుసు. పోయి పిలిచాను. పిలవడం తేలిక కాలేదు. “నువ్వు వస్తేనే ఇది తేలుతాది అమ్మా,” అన్నాను. ఆమె చేతులు కడుక్కుని, నాకు చూపించి మరీ తుడుచుకుని వచ్చింది.

కత్తులన్నీ తీసి బల్ల మీద పరిచి, ఖాళీ పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్క కత్తినీ వాసన చూసింది. ఆదివారం దగ్గర ఆగిపోయింది.

“పెట్టెకు వాసన లేదు అన్నా. కర్పూరం ఎవురూ వేయలేదు. ఈ పిడే కర్పూరం.”

ఆమె పిడిని వెలుతురుకు పట్టి చూపింది. దగ్గరగా చూస్తే లోపల సన్నటి గీతల వల. వేలితో తాకితే జిగట. రివిటు చుట్టూ ఇత్తడి పచ్చగా చిలుము పట్టి ఉంది. అది తాబేటిచిప్ప కాదు, కర్పూరం కలిపి చేసిన పాతకాలపు ప్లాస్టిక్కు. వాళ్ళ అమ్మమ్మ దువ్వెన ఒకటి అట్లాగే కుళ్ళి, పక్కన పెట్టిన వెండి గొలుసును నల్లగా చేసిందట. ఆ రకం పిడి ముసలిదై కుళ్ళడం మొదలుపెడితే పుల్లటి ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి మొదట ఆ పిడిలో మడిచిన కత్తిని తింటుంది, తర్వాత పక్కవాటిని. ఆదివారం, శనివారం, శుక్రవారం. సోమవారం అన్నిటికంటే దూరం. నేను మొదటిరోజు చూసిన తుప్పు కూడా ఆ వరసలోనే ఉంది. కత్తులు ఎవరు ముట్టుకున్నారో చూశాం గానీ, ఏ కత్తి ఎక్కడ ఉందో ఎవరమూ చూడలేదు.

 మధ్యాహ్నం ఆమె క్యారియరు మళ్ళీ లోపలి బల్ల మీదికి వచ్చింది. నా డబ్బాలో పులుసన్నం ఉంటే, చింతపండు కదా, ఫర్వాలేదా అని అడిగి తీసుకుంది.

అయితే అసలు చిక్కు అప్పుడే మొదలైంది. ఆ పిడి ఉన్నంతవరకు ఏడు కత్తులూ నిలవవు. ఆ పిడి తీసేస్తే తాత పేరు పోతుంది. యజమాని మధ్యేమార్గం చెప్పాడు. పిడికి వార్నీషు పూసి, కత్తులకు మందంగా నూనె దట్టించి ఇచ్చేద్దాం. అద్దాల పెట్టెలో ఉండేవే కదా, కొన్నాళ్ళు బాగానే ఉంటాయి. తర్వాత తుప్పు పడితే సముద్రపు గాలి అనుకుంటారు. నేను ఒప్పుకోలేదు. అద్దాల పెట్టెలో మూసి పెడితే ఆవిరి ఎటూ పోక ఇంకా తొందరగా తింటుంది. “అయితే ఆవిడకి మీరే చెప్పండి. తిట్లు కూడా మీరే తినండి,” అన్నాడు.

ఆవిడ వచ్చింది. నేను చెప్పినంతసేపూ నిలబడే విన్నది. కూర్చోమన్నా కూర్చోలేదు. అంతా విని, తన ఫోనులోని ఫోటో తీసి బల్ల మీది పిడి పక్కన పెట్టి, ఒక్కొక్క మచ్చనూ పోల్చి చూసింది. అదే పిడి అని నమ్మకం కుదిరాక తలెత్తింది.

“ఏడు పిడులుండాయి. మా తాత పేరు ఉండేది ఒక్కదాని మీదే. ఆ ఒక్కటే కుళ్ళిపోయిందా?”

అవునన్నాను.

“యాడికి పోతాది అది? ఎవురికి అమ్ముతారు?”

అమ్మేది కాదు, దగ్గర పెట్టుకునేదీ కాదు, నిప్పు తగిలితే భగ్గున మండుతుంది అని చెప్పాను. నా మాట ఆమెకు ఎక్కలేదు. నిజం చెప్పాలంటే ఆమె స్థానంలో ఉంటే నాకూ ఎక్కదు. ఇంకో మాట దాచి ఉండొచ్చు, కానీ దాచలేదు. మిగిలిన ఆరూ కొమ్ము, ఇదొక్కటే ప్లాస్టిక్కు. అంటే ఆదివారం కత్తికి మొదటి పిడి ఇది కాదు. ఎప్పుడో ఎవరో మార్చి పేరు చెక్కించారు.

ఆమె ముఖం మారింది. “దొర మార్పించి ఇచ్చినాడా, మా తాతే మార్చుకున్నాడా?”

అది కత్తి చెప్పదమ్మా అన్నాను.

ఆవిడ ఫోను సంచిలో వేసుకుంది. తర్వాత, తన ఎదురుగానే పిడి విప్పమంది. రివిట్లను సన్న బెజ్జపు మరతో తొలుస్తుంటే నా చేతులవైపు కన్నార్పకుండా చూసింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చేతులను కూడా అట్లాగే చూస్తుందేమో. పిడి రెండు రేకులుగా విడిపోయింది. పేరున్న రేకు కొస కొంచెం చిట్లింది. ఆమె రెండు రేకుల్నీ కాగితంలో చుట్టుకుంది. పిడి లేని ఆదివారం కత్తినీ, మిగిలిన ఆరింటినీ పెట్టెతో సహా సంచిలో పెట్టుకుంది. కొత్త పిడి చేయమని అడగలేదు, వాదర పట్టమనీ అడగలేదు. ఆ రేకుల్ని మాత్రం కత్తులతో కలపొద్దు, విడిగా గాజు సీసాలో వేసి చూడండి అని వెనకనుంచి చెప్పాను. విన్నదో లేదో తెలియలేదు.

అమ్మయ్య అనుకున్నాడు యజమాని. నాకు మాత్రం చేసిన పని సగంలో చేయి జారి పడిపోయినట్టు అనిపించింది. ఎంత నిజం చెప్పినా ఆవిడ మనసులో నేను గడియారం మార్చినవాడి తమ్ముణ్ణే. ఆమె తప్పు కాదు. నమ్మకం నోటిమాటతో రాదు. కెమెరా కింద పనిచేసినవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అన్నట్టు, ఆ కెమెరా తర్వాత వీధి గుమ్మం వైపు తిరిగింది. యజమాని నా చేతుల మాట మళ్ళీ ఎత్తలేదు. తొడుగులు కొనడం మాత్రం మానలేదు. నేను పని మానేదాకా అవి వేసుకునే చేశాను. కొన్ని అనుమానాలు తీరిపోయినా అలవాటుగా మిగిలిపోతాయి.

వానలు వచ్చి వెళ్ళాక ఒకరోజు ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చుంది. సంచిలోంచి ఊరగాయ సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని రేకు మూత ఎర్రగా తుప్పు పట్టి, ఒకచోట చిల్లి కూడా పడింది. లోపల పిడి రేకులు అప్పటికే నాలుగైదు ముక్కలు. పేరులోని అక్షరాలు తలో ముక్కకూ పోయాయి.

“వంటింట్లో పది సీసాలుండాయి అన్నా. తురు పట్టింది ఈ మూత ఒక్కటే,” అంది.

అప్పుడే మొదటిసారి నన్ను అన్నా అంది. సీసా వెలుతురుకు పట్టి చూశాను. 

పెట్టె తీసింది. కత్తులన్నీ నేను ఇచ్చినట్టే తళతళలాడుతున్నాయి. ఆదివారానికి నల్లకొమ్ము పిడి చేయమంది, మిగిలిన ఆరింటికి జతగా. పక్క బల్ల ఆమె లేచి వచ్చి కొలత తీసుకుంటూ, పేరు కూడా చెక్కమంటావా అక్కా అని అడిగింది.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “వద్దు. ఈసారి మేమే చెక్కించుకున్నామంటారు. అది నిజమే అవుతాది కదా.” కత్తుల వైపు చూపిస్తూ అంది. “దొర ఇచ్చినాడో మా తాత ఎత్తుకొచ్చినాడో నాకు తెల్దు. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో కూడా ఆయన వీట్లో ఒక్కటి అమ్మలేదు. అది మాత్రం మా అమ్మ కండ్లతో చూసింది.”

కొత్త పిడి చేశాం. ఏడింటికీ వాదర పట్టాను. నా ముంజేతి వెంట్రుకల మీద ఒక్కొక్కటీ పరీక్షించి చూపించాను. ఇప్పుడవి కాలాపేట సెలూనులో గోడమీద ఉన్నాయి. ఒకసారి అటు పోయినప్పుడు లోపలికి వెళ్ళి చూశాను. ఏది ఆదివారమో వీపు మీది అక్షరాలు చదవగలిగితే తప్ప తెలియదు.

ఆవిడ కత్తులు తీసుకుపోయిన రోజు ఆ ముక్కల్ని ఏం చేద్దామని అడిగాను. మా పెరట్లో జాగ్రత్తగా కాల్చేయొచ్చు అని కూడా చెప్పాను. ఆవిడ సంచిలోంచి ఇంకో సీసా తీసింది. మా దగ్గరే ఉంచిపోయిన పాత సీసాలోని ముక్కల్ని ఒక్కటి కూడా కింద పడకుండా అందులోకి వంచుకుంది. మూత మరీ బిగించకండి, ఎండ తగలనీయకండి అన్నాను. సరేనంది. ఈసారి ప్లాస్టిక్కు మూత ఉన్న సీసా తెచ్చుకుంది.